నడిమి చోటు

గోదావరి కాలవల కింద వరికోతలు అయిపోయి, ధాన్యం ఇళ్ళకి చేరాక చేలల్లో ఇంకేముంది, మట్టి తప్ప అని మనుషులు అనుకుంటారు. బాతుల్ని అడిగితే తెలుస్తుంది అసలు సంగతి. రాలిన గింజలు, బురదలో నత్తలు, చేలకి నీళ్ళు పారే పంట బోదెల్లో చిక్కుకున్న చేపపిల్లలు, అన్నీ వాటివే. అందుకే పోలయ్య అనే కాపరి ఏటా మూడొందల బాతుల మందని వెంటేసుకుని ఆ చేల వెంబడి తిరిగేవాడు. పగలంతా మేపేవాడు. పొద్దు వాలేసరికి ఆరిన మడి ఒకటి చూసి, చుట్టూ వలతో దడి కట్టి మందని లోపలికి తోలేవాడు. తెల్లారగానే గంపలు పట్టుకుని దడిలోకి దిగి గుడ్లు ఏరుకునేవాడు. ఒక ఊరి చేలు అయిపోతే ఇంకో ఊరి చేలకి సాగిపోవడమే.

ఆ మందలో బూరెమ్మ అని ఒక పెద్ద బాతు ఉండేది. గుండ్రటి ఒళ్ళు, గంభీరమైన నడక, ఎవరు అడిగినా అడక్కపోయినా సలహా చెప్పే అలవాటు. గుడ్లు పెట్టడం మానేసి చాలా కాలమైంది. అయినా పోలయ్య ఆవిణ్ణి ఉంచుకున్నాడు. ఎందుకంటే ఎంత లోతు కాలవైనా సరే, బూరెమ్మ దిగితే మందంతా దిగుతుంది. ఆవిడ ఆగితే పోలయ్య కర్ర విరిగేలా అదిలించినా ఒక్కటీ కదలదు. ఆ సంగతి పోలయ్యకీ తెలుసు, బూరెమ్మకి ఇంకా బాగా తెలుసు.

బాతుల్లో ఒక కట్టుబాటు ఉంది. ప్రమాదం వస్తోందని ముందుగా మెడ ఎత్తి కేకేసిన బాతుకి ఆ సాయంత్రం దడిలో నడిమి చోటు ఇవ్వాలి. నడిమి చోటంటే మాటలు కాదు. చుట్టూ మందంతా గోడలా ఉంటుంది, వెచ్చగా ఉంటుంది, చలిగాలి సోకదు, కుక్కో నక్కో వచ్చినా ముందు అంచున ఉన్నవాళ్ళ పని పడుతుంది. ఈ కట్టుబాటు ఎవరు పెట్టారో ఎవరికీ తెలీదు. మంచిదే అని మాత్రం అందరూ నమ్మారు. కష్టపడి కాపలా కాసినదానికి ఆ మాత్రం మర్యాద చెయ్యొద్దా మరి?

ఆ మర్యాదలోనే లొసుగు ఉందని కనిపెట్టింది ఒక నక్క. దాని పేరు చలమయ్య. కాలవ అవతలి జమ్ము దుబ్బుల్లో పెళ్ళాంతో, అన్నదమ్ములతో, వాళ్ళ సంసారాలతో కాపురం ఉండేవాడు. పోలయ్య వడిసెల రాయి ఒకసారి తొడకి తగిలిన దగ్గర్నుంచి మంద మీద పడి బాతుని ఎత్తుకుపోయే ఆలోచన మానుకున్నాడు. దూరంగా కూర్చుని చూడడం మొదలెట్టాడు. చూడగా చూడగా ఒక బాతు కంటబడింది. దాని పేరు ఉలికమ్మ. ఆకు రాలినా ఉలిక్కిపడే రకం, పాపం మంచిదే.

ఒకరోజు ఉలికమ్మ బోదె పక్కన ఒంటరిగా మేస్తుంటే చలమయ్య అవతలి గట్టున కూర్చుని, గొంతు తగ్గించి పలకరించాడు.

"అమ్మాయ్, కంగారుపడకు. మధ్యన నీళ్ళున్నాయి, నాకు ఈత రాదు. ఊరికే ఒక మాట చెప్పి పోదామని వచ్చాను."

"ఏం మాటండీ?" అంది ఉలికమ్మ, రెండడుగులు వెనక్కి వేస్తూనే.

"పొద్దున్న ఆ గట్టు మీద గడ్డి కదిలింది. చూశావా?"

"గాలేమోనండీ."

"గాలే అయ్యుండొచ్చు. నేను కాదన్నానా? కాకపోతే మూడొందల మందిలో ఒక్కరూ తల తిప్పి చూడలేదు. అందరికీ తిండి ధ్యాసే. నిన్ను చూస్తే జాగ్రత్త తెలిసినదానిలా ఉన్నావు. అందుకని నీకు చెబుతున్నాను. కాస్త కనిపెట్టుకుని ఉండు తల్లీ."

"దేన్ని కనిపెట్టమంటారండీ?"

"అది తెలిస్తే ఇంక భయమెందుకు? తెలీదు కాబట్టే కనిపెట్టాలి!" అని, ఎంతో బాధపడుతున్నవాడిలా తల ఊపి వెళ్ళిపోయాడు చలమయ్య.

గమనించండి, వాడు ఒక్క అబద్ధం కూడా ఆడలేదు. వాడి గొప్పంతా అక్కడే ఉంది.

ఆ మధ్యాహ్నమే ఉలికమ్మ మెడ నిటారుగా లేచింది. "గట్టు! గట్టు!" అని అరిచింది. మూడొందల బాతులు మేత వదిలేసి దబదబా నీళ్ళలో పడ్డాయి. చూస్తే గట్టు మీద ఏమీ లేదు. "లేకపోతే మంచిదే కదా, జాగ్రత్తగా ఉండడంలో తప్పేముంది?" అన్నాడు రాయుడు. రాయుడంటే మందలో పెద్ద పోతుబాతు. మెడ మీద పచ్చటి మెరుపు, మాటలో పెద్దరికం. ఆ సాయంత్రం ఉలికమ్మని తనే దగ్గరుండి తీసుకెళ్ళి నడిమి చోట కూర్చోబెట్టాడు.

మర్నాడు ఉలికమ్మ మూడుసార్లు అరిచింది. ఆ మర్నాడు ఎన్నిసార్లో ఎవరూ లెక్కపెట్టలేదు. ఉలికమ్మ అరవకపోయినా, పక్క బాతు మెడ ఎత్తితే దాని పక్కది ఎత్తేది. దాన్ని చూసి ఇంకోటి ఎత్తేది. చేను ఈ చివర మొదలైన బెదురు ఆ చివరికి చేరడానికి రెప్పపాటు పట్టేది కాదు. నోట్లో నత్త ఉన్నది మింగకుండా ఉమ్మేసేది. గింజ కోసం వంచిన ముక్కు గింజ అందకుండానే పైకి లేచేది. వారం తిరిగేసరికి రెక్కల్లో ఈకలు ఊడడం మొదలైంది. కళ్ళల్లో నీరు, గొంతులో గురక, కాళ్ళలో నీరసం. కడుపునిండా తినక కొన్ని, తిన్నది ఒంటబట్టక కొన్ని చిక్కిపోయాయి. నాలుగు గంపల గుడ్లు మూడయ్యాయి, మూడు రెండయ్యాయి, ఆఖరికి ఒక గంప అడుగు కూడా సరిగ్గా నిండలేదు.

ఒక చేను నుంచి ఇంకో చేనుకి సాగేటప్పుడు నీరసపడ్డవి వెనకబడేవి. అలా వెనకబడినవి ఐదు, చేల మధ్య బండ్లు నడిచే పుంతదారి మలుపులో మాయమైపోయాయి. చలమయ్య మలుపులో కూర్చుని ఉండేవాడు. పరిగెత్తే పని లేదు, వెతికే పని లేదు, నోరు తెరుచుకుని కూర్చుంటే చాలు. అది చలమయ్య పనేనని తెలిసిన బాతులు మాత్రం "చూశారా, ఉలికమ్మ చెప్పినట్టే అయ్యింది!" అనుకుని ఇంకా గట్టిగా బెదిరాయి.

బూరెమ్మకి ఇదంతా నచ్చలేదు. అయితే ఏం చెయ్యాలో తోచలేదు. పోనీ నాలుగురోజులు పోతే సర్దుకుంటుందిలే అనుకుంది. సోమవారం పొద్దున్న పోలయ్య సెల్‌ఫోన్‌లో మాట్లాడిన మాట చెవిన పడేదాకా అలాగే అనుకుంది.

"ఏ మందూ పని చెయ్యట్లేదు బావా. గుడ్డు పడట్లేదు. ఈ ఆదివారం దాకా చూస్తాను. అప్పటికీ ఇంతే అయితే నీ బోనుల బండి తీసుకొచ్చెయ్. మొత్తం మందని కోతకి ఇచ్చేస్తాను. ఏడుపొస్తోంది గానీ ఏం చెయ్యను?"

కోత అంటే ఏమిటో బూరెమ్మకి తెలుసు. ఆవిడతో పాటు గుడ్డులోంచి బయటికొచ్చిన అక్కచెల్లెళ్ళలో ఒక్కరూ మిగల్లేదు. ఆరు రోజులే గడువు.

వెంటనే అందరినీ బోదె గట్టున కూడేసి విషయం చెప్పింది. ఒక్కసారిగా గోల లేచింది. రాయుడు రెక్కలు టపటపలాడించి అందర్నీ ఊరుకోబెట్టాడు.

"బూరెమ్మొదినా, దీనికి మందు ఒకటే. కాపలా పెంచాలి. పదిమందికి ఒకరు చొప్పున మెడ ఎత్తుకుని నిలబడతారు. అప్పుడు మిగతావాళ్ళు నిశ్చింతగా మేస్తారు, నిశ్చింతగా గుడ్లు పెడతారు. ఏమంటావ్?"

"బాగానే ఉంది మరి," అంది బూరెమ్మ. నిజం చెప్పాలంటే ఆవిడకి అంతకన్నా మంచి ఆలోచన తట్టలేదు.

మంగళవారం ముప్ఫై మెడలు నిటారుగా నిలబడ్డాయి. ఇదివరకు ఒక్కచోట మొదలయ్యే కేక ఇప్పుడు ముప్ఫై చోట్ల మొదలైంది. ఆ రోజు ఒక్క బాతు కూడా వరసగా నాలుగు గింజలు తిన్న పాపాన పోలేదు. మర్నాడు గంపలో గుడ్లు ఇంకా తగ్గాయి.

బుధవారం బూరెమ్మకి కోపం వచ్చింది. మందని నిలబెట్టి చెడామడా తిట్టింది. "ఏమైందర్రా మీకు? గడ్డిపోచ కదిలితే చచ్చేలా ఉన్నారు! దేనికి ఆ భయం? భయపడకండి అంటున్నానా! భయపడకండి!" అని అరిచింది. అరిచేసరికి సగం బాతులు నీళ్ళలోకి దూకాయి.

గట్టున మిగిలినవాళ్ళలో చిట్టెమ్మ ఉంది. చిట్టెమ్మకి పుట్టు చెవుడు. ఎదుటివాళ్ళ ముక్కు కదలిక చూసి మాట పోల్చుకునేది. ఆవిడ తాపీగా అంది:

"నువ్వేం చెబుతున్నావో నాకు వినపడలేదు గానీ అక్కయ్యా, నీ మెడ మాత్రం కొయ్యలా బిగుసుకుంది. అది చూస్తే నాకూ పారిపోవాలనిపించింది."

బూరెమ్మ చిట్టెమ్మకి ఎదురుగా నిలబడి మెల్లగా అడిగింది.

"నీకు ఏమీ వినపడదు కదా. మరి నక్క సంగతి నీకెవరు చెప్పారే?"

"ఏ నక్క?" అంది చిట్టెమ్మ.

"ఏ నక్కేమిటే! పది రోజులుగా నువ్వూ తిండి మానేశావు. నీ ఈకలూ ఊడుతున్నాయి. నువ్వూ గుడ్డు పెట్టట్లేదు. దేనికి భయపడుతున్నావు?"

"నాకేం తెలుసక్కా. దడిలో నా చోటు ఉలికమ్మ పక్కన. పడుకుంటే ఆవిడ గుండె దడదడా కొట్టుకోవడం నా డొక్కకి తగులుతుంది. కాసేపటికి నాదీ అలాగే కొట్టుకుంటుంది. ఎందుకో నాకు తెలీదు. తెలిసేదాకా ఆగదు కదా గుండె!"

బూరెమ్మకి ఆ మాట మనసులో గుచ్చుకుంది. మర్నాడు తెల్లారుతుండగా, పోలయ్య గంప తీసుకుని రాకముందే లేచి, ఎప్పుడూ చెయ్యని పని ఒకటి చేసింది. దడి అంతా ఒక చుట్టు తిరిగి, గుడ్లు ఎక్కడెక్కడ ఉన్నాయో చూసింది.

ఉన్న ఆ కాసిని గుడ్లూ అంచునే ఉన్నాయి. వల పక్కన, చలిగాలిలో, నక్క వస్తే మొట్టమొదట నోట్లో పడే చోట పడుకున్న బాతులు గుడ్లు పెట్టాయి. నడిమి చోట వెచ్చగా పడుకున్నవి ఒక్కటీ పెట్టలేదు. బూరెమ్మ ఇంకా దగ్గరికి వెళ్ళి చూసింది. అంచున ఉన్నవి ఒక కన్ను తెరుచుకుని, ఒక కన్ను మూసుకుని పడుకున్నాయి. బయటివైపు కన్ను కాపలా కాస్తోంది, లోపలివైపు కన్ను నిద్రపోతోంది. తరతరాలుగా బాతులు అంచున అలాగే పడుకుంటాయి. నడుమ ఉన్నవి రెండు కళ్ళూ మూసుకుని ఒళ్ళు మరిచి నిద్రపోవాలి. ఇప్పుడేమో రెండు కళ్ళూ బార్లా తెరుచుకుని ఒకదాని మొహం ఒకటి చూసుకుంటున్నాయి. అన్నిటికీ నట్టనడుమ ఉలికమ్మ వణుకుతోంది. ఆవిడ వణుకు పక్కవాటికి, పక్కవాటి నుంచి ఆ పక్కవాటికి, నీళ్ళలో రాయి పడ్డట్టు పాకుతోంది. అంచుకి వచ్చేసరికి కాస్త పలచబడుతోంది.

"ఓరి దేవుడా," అనుకుంది బూరెమ్మ. "నక్క దడి బయట ఉందనుకున్నాం. మనమే రోజూ మర్యాద చేసి నడుమ కూర్చోబెడుతున్నాం!"

రోగం తెలిసింది. మందేమిటి? ఉలికమ్మ స్థానంలో బెదురు లేనివాళ్ళు ఉండాలి. అలాంటివాళ్ళెవరు? మందంతా వెతికింది. ఒక్కటీ లేదు. ఆఖరికి తన ఒళ్ళు తను చూసుకుంది. తనూ లేదు. నటిస్తే కుదరదని చిట్టెమ్మ ముందే తేల్చేసింది కదా.

ఆ చేను పక్క చేలో మాలచ్చి అనే ముసలి గేదె మేకుకి కట్టేసి ఉంది. ఊళ్ళో పిడుగు పడినా మాలచ్చి తోక మాత్రమే కదుపుతుందని చుట్టుపక్కల పేరు. బూరెమ్మ సిగ్గు విడిచి అక్కడికి వెళ్ళింది.

"మాలచ్చక్కా, నీకు ఎప్పుడూ భయం వెయ్యదా?"

"ఎందుకు వెయ్యదు?" అంది మాలచ్చి నెమరు ఆపకుండా. "మొన్న రోడ్డు మీద లారీ హారన్ కొడితే మేకు పీక్కుని పరిగెత్తాను. ముక్కుతాడు తెగింది కూడా."

"తర్వాత?"

"తర్వాతేముంది? లారీ వెళ్ళిపోయింది. అది వెళ్ళిపోయాక దాని హారన్ని నేనెందుకు మొయ్యడం? వచ్చి పడుకున్నాను."

"అదే నాకు నేర్పు అక్కా. ఆదివారం లోపల నేర్చుకోకపోతే మా మూడొందల ప్రాణాలూ పోతాయి."

మాలచ్చి ఒక పెద్ద నిట్టూర్పు విడిచింది. "నేర్పడానికి ఇదేమన్నా చదువా బూరెమ్మా? ఇలా వచ్చి పక్కన కూర్చో. మాట్లాడకు."

మాట్లాడకపోవడం బూరెమ్మకి కష్టమే. అయినా కూర్చుంది. గేదె కడుపు పెద్దగా పైకి లేస్తోంది, మెల్లగా కిందికి దిగుతోంది. దవడ అటూ ఇటూ తిరుగుతోంది. మొదట బూరెమ్మ బుర్ర నిండా ఆదివారమే, బోనులే, బండే. కాసేపటికి తన ఊపిరి కూడా గేదె ఊపిరితో పాటు లేస్తూ దిగుతోందని గమనించింది. ఇంకాసేపటికి మెడ మెత్తబడింది. అప్పుడు తీరిగ్గా ఆలోచన సాగింది. చలమయ్య ఇన్నాళ్ళలో ఒక్కసారైనా దడి దాటాడా? దాటలేదు. నీళ్ళలోకి దిగాడా? దిగలేదు. వాడు తిన్నది వెనకబడినవాళ్ళని. వెనకబడింది నీరసంతో. నీరసం తిండిలేక. తిండి లేనిది బెదురుతో. మరి వాడి దగ్గర ఉన్నదల్లా ఏమిటి? మన బెదురే. అది మనం ఇవ్వకపోతే వాడు ఏం తింటాడు? బూరెమ్మకి ఎన్నాళ్ళకో నవ్వొచ్చింది. పొద్దు దిగేదాకా అక్కడే కూర్చుంది.

సాయంత్రం దడిలోకి తోలుతుంటే బూరెమ్మ తిన్నగా నడిమి చోటుకి నడిచింది.

"ఇవాళ ఈ చోటు నాది," అంది.

రాయుడు అడ్డొచ్చాడు. "అదేంటొదినా? నువ్వు ఇవాళ ఒక్క కేక కూడా వెయ్యలేదు కదా! ఏం చేశావని నడిమి చోటు?"

"కేక వెయ్యకుండా ఉన్నాను. పదిరోజుల్లో ఈ మందలో అది చేసినది నేనొక్కదాన్నే. ఇంకెవరైనా ఉంటే చెప్పు, లేచిపోతాను."

రాయుడు అటూ ఇటూ చూశాడు. ఎవరూ లేరు.

ఉలికమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "నన్ను అంచుకి తోసేస్తారా పెద్దమ్మా?"

"తోసెయ్యడమెందుకే పిచ్చిదానా! నా రెక్క కింద పడుకో."

ఉలికమ్మ వచ్చి ఆవిడ రెక్క కింద దూరింది. దూరి, ఎవరికీ వినపడకుండా చెప్పింది. "పెద్దమ్మా, పదిరోజులుగా నేను కన్ను మూయలేదు. ఒకసారి అరిచినందుకు అందరూ మెచ్చుకున్నారు. అరవకపోతే నా మూలంగా ఎవరో చచ్చిపోతారని ఇంక ఆపలేకపోయాను. ఈ మర్యాద నేను మొయ్యలేను. దించేయండి."

"దింపేశాను. పడుకో," అంది బూరెమ్మ. ఆ బక్కచిక్కిన ఒంట్లో గుండె కొట్టుకునే తీరు తగిలి ఆవిడకి చాలా జాలేసింది. జాలి వేసినా తన ఊపిరిని మాత్రం పరిగెత్తనివ్వలేదు. గేదె కడుపుని తలుచుకుంటూ తాపీగా పీల్చింది, తాపీగా వదిలింది. కాసేపటికి ఉలికమ్మ గుండె నెమ్మదించింది. అవతల పక్క చిట్టెమ్మ, ఏం జరుగుతోందో ఒక్క ముక్క వినకుండానే, రెండు కళ్ళూ మూసేసింది. దాని పక్కది మూసింది. దాని పక్కది మూసింది.

శుక్రవారం పగలు మంద చాలా రోజుల తర్వాత కడుపునిండా మేసింది. శనివారం పొద్దున్న గంపలో గుడ్లు రెట్టింపయ్యాయి. పోలయ్య రెండోసారి లెక్కపెట్టుకుని తల గోక్కున్నాడు.

చలమయ్యకి మాత్రం శుక్రవారం భోజనం లేదు. శనివారం కూడా పుంత మలుపులో మధ్యాహ్నం దాకా నోరు తెరుచుకుని కూర్చున్నాడు. ఒక్క బాతూ వెనకబడలేదు. ఇదేదో తేడాగా ఉందనుకుని, సాయంత్రం ఎండ ఉండగానే చేను గట్టు మీదికొచ్చి పొదచాటున నిలబడి గడ్డి కదిపాడు.

ఉలికమ్మ మెడ సగం లేచింది. పక్కకి చూసింది. బూరెమ్మ గట్టు వైపే చూస్తూ, ముక్కుతో ఈకలు దువ్వుకుంటోంది. ఆవిడ ఒంట్లో ఎక్కడా బిగువు లేదు. నక్క ఎంత దూరంలో ఉందో చూసుకుంది, మధ్యన బోదె ఉందని చూసుకుంది, ఇంకో ఈక దువ్వుకుంది. ఉలికమ్మ మెడ మళ్ళీ కిందికి దిగింది. గింజ నోటికందింది.

చలమయ్య ఇంకా గట్టిగా గడ్డి ఊపాడు. ఆఖరికి పొద విడిచి అందరికీ కనపడేలా గట్టు మీద నిలబడ్డాడు. మూడొందల ముక్కులు బురదలో చప్పరించుకుంటూనే ఉన్నాయి. రాయుడొక్కడు కదిలాడు గానీ, పక్కన ఎవరూ కదలకపోయేసరికి నామోషీ వేసి ఊరుకున్నాడు.

అప్పుడు బూరెమ్మ పెళ్ళివారిని పిలిచినట్టు పిలిచింది.

"రండి చలమయ్యగారూ, రండి! మీకోసమే చూస్తున్నాం. అక్కడే నిలబడిపోయారేం? ఇంకాస్త దగ్గరికి రండి."

చలమయ్యకి ఒళ్ళు జలదరించింది. నీడ కనిపిస్తే చచ్చే బాతులు ఎదురుగా నక్క నిలబడితే రమ్మంటున్నాయి! వీటికి ఏదో అండ ఉంది. ఎక్కడో ఉచ్చు ఉంది. వాడి కళ్ళు నాలుగు వైపులా తిరిగాయి. గట్టు పక్కన పోలయ్య మామూలుగా పడేసుకున్న వల కుప్ప కనిపించింది. అది తన కోసమే. దూరాన పోలయ్య వంగి బీడీ ముట్టించుకుంటున్నాడు. అదీ తనకి తెలియకుండా చేస్తున్న సైగే.

"ఇవాళ కాదులేండి, ఇంకోసారి," అని గొణిగి, వెనక్కి తిరగడంలో గట్టు జారి బోదెలో పడి, మునిగి లేచి, తోక కాళ్ళ మధ్య పెట్టుకుని పరిగెత్తాడు.

ఆదివారం పొద్దున్నే బోనుల బండి వచ్చింది. అప్పటికి పోలయ్య దడిలో ఉన్నాడు. రెండు గంపలు నిండాయి, మూడోది నిండుతోంది. నడుమ, చిట్టెమ్మ పడుకున్న చోట, గోరువెచ్చని గుడ్డు చేతికి తగిలేసరికి ఆయన మొహం విప్పారింది. బండి దిగిన బావ చేతికి నాలుగు గుడ్లు పెట్టి, "ఇంటికెళ్ళి అట్టేయించుకో. మంద కుదుటపడింది, నేనివ్వను," అన్నాడు. బోనులు ఖాళీగా గలగలమంటూ వెళ్ళిపోయాయి. ఆ చప్పుడు విని బూరెమ్మ రెక్కలు రెండూ బారజాపి ఒళ్ళు విరుచుకుంది. ఆ పూట ఆవిడ ఆనందం అంతా ఇంతా కాదు, దాచుకోనూ లేదు.

చలమయ్య సంగతి ఏమైందో జమ్ము దుబ్బుల్లో వాలే కొంగ మర్నాడు వచ్చి చెప్పింది. తడిసిన ఒంటితో ఇల్లు చేరాడట. "ఏమైంది?" అని పెళ్ళాం అడిగితే, "ఏమీ లేదు," అన్నాడట. మాట బాగానే ఉంది గానీ, వాడి చెవులు వెనక్కి అంటుకుపోయి ఉన్నాయి. అవి చూసి ఆవిడ చెవులూ వెనక్కి వెళ్ళాయి. ఆవిణ్ణి చూసి మరుదులవి వెళ్ళాయి. ఆ రోజు ఎవరూ వేటకి కదల్లేదు. మర్నాడు ఒక పీత కన్నంలోంచి బయటికొస్తే అందరూ ఒక్కసారి ఊళవేసి, మూటాముల్లే కూడా చూసుకోకుండా కాలవ గట్టంట పరుగు లంకించుకున్నారు. మూడు ఊళ్ళు దాటాక చలమయ్య పెళ్ళానికి ఆయాసం వచ్చింది.

"ఇంతకీ మనల్ని ఎవరు తరుముతున్నారండీ?"

"నాకేం తెలుసు? నువ్వు పరిగెడుతున్నావని నేను పరిగెడుతున్నాను."

"అయ్యో రామ! మీరు పరిగెడుతున్నారనే కదండీ నేను పరిగెడుతున్నది!"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారట. ఆ మొహాలు చూసుకుని మళ్ళీ భయపడి, మళ్ళీ పరిగెత్తారట.

నీతి: బెదురైనా నిబ్బరమైనా మాటలతో రాదు, పక్కనున్నవారి ఒంట్లోంచి మన ఒంట్లోకి వస్తుంది, ఎవరి పక్కన కూర్చుంటున్నామో చూసుకోవాలి.